ఇంటి దగ్గరే కారు వీల్ అలైన్‌మెంట్: దారం, స్కేలు, రెండు పానాలతో

మా కారు 2013 మోడల్ స్విఫ్ట్. కొత్త టైర్లు వేయించి పదివేల కిలోమీటర్లు కూడా తిరగలేదు, ముందు టైర్ల లోపలి అంచులు నున్నగా అరిగిపోయాయి. బయట నిలబడి చూస్తే టైరు మీది గాడులన్నీ కొత్తవాటిలాగే ఉన్నాయి. పంక్చర్ అయి చక్రం ఊడదీసినప్పుడు లోపలి వైపు తీగలు బయటపడి కనిపించాయి. అంతకు ముందు రోజే పిల్లలతో ఖమ్మం నుంచి విజయవాడ వెళ్లొచ్చాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ పదివేల కిలోమీటర్లలో రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించాను. రెండుసార్లూ కంప్యూటర్ తెర మీద అంకెలన్నీ పచ్చగానే చూపించారు. అసలు సంగతేమిటంటే ఎడమ పక్క టై రాడ్ ఎండ్, అంటే స్టీరింగ్ కదలికను చక్రానికి అందించే కడ్డీ (టై రాడ్) చివర ఉండే కీలు, లూజైంది. దాన్ని చెయ్యి పెట్టి కదిపి చూసినవాళ్లు లేరు. లూజు కీలు ఉన్న చక్రాన్ని ఎంత సరిగ్గా నిలబెట్టినా మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరే మళ్లీ పక్కకు జరుగుతుంది. అప్పటి నుంచి మా కారు అలైన్‌మెంట్ నేనే చూసుకుంటున్నాను. మొదటిసారి ఒక ఆదివారం పొద్దున్నుంచి చీకటి పడేదాకా పట్టింది, ఇప్పుడు మూడు గంటలు చాలు. మీరూ చేయొచ్చు. పానా తిప్పడం ఇందులో చిన్న పని, ఓపికగా కొలవడమే పెద్ద పని.

ఇంట్లో ఏది కుదురుతుంది

అలైన్‌మెంట్ అంటే మూడు కోణాలు. చక్రాన్ని పైనుంచి చూసినప్పుడు దాని ముందు భాగం లోపలికో బయటికో తిరిగి ఉండడం టో. లోపలికి ఉంటే టో ఇన్, బయటికి ఉంటే టో అవుట్. కారు ఎదుట నిలబడి చూసినప్పుడు చక్రం పైభాగం లోపలికో బయటికో వాలి ఉండడం క్యాంబర్. పక్క నుంచి చూసినప్పుడు స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండడం క్యాస్టర్.

మన దగ్గర తిరిగే చిన్న కార్లలో ఎక్కువ వాటికి ముందు మెక్‌ఫర్సన్ స్ట్రట్, వెనక టోర్షన్ బీమ్ అనే రకం సస్పెన్షన్ (చక్రాలను కారు బాడీకి కలుపుతూ కుదుపులు తట్టుకునే ఏర్పాటు) ఉంటుంది. వీటిలో మార్చుకునే ఏర్పాటు ఉండేది ముందు చక్రాల టోకే. క్యాంబర్, క్యాస్టర్ తేడాగా ఉన్నాయంటే ఏదో వంగిందనో, బుష్ (కీళ్ల దగ్గర ఉండే రబ్బరు మెత్త) పోయిందనో అర్థం. అది ఇంట్లో అయ్యే పని కాదు. కానీ టైర్లను వేగంగా తినేసేది ప్రధానంగా టోనే కాబట్టి, అది ఒక్కటి సరిచేసుకున్నా చాలావరకు పని అయినట్టే.

టో ఎంత చిన్నదో, ఎంత నష్టం చేస్తుందో ఈ లెక్క చూడండి. 14 అంగుళాల రిమ్ము అంచు నుంచి అంచుకు సుమారు 390 మి.మీ. ఉంటుంది. ఒక చక్రం దాని మీద 2 మి.మీ. తప్పుగా తిరిగి ఉంటే, కిలోమీటరు నడిచేసరికి లెక్క ప్రకారం ఆ టైరు 5 మీటర్లు పక్కకు ఈడ్చుకుపోయినట్టు. అయిదువేల కిలోమీటర్లకు అది పాతిక కిలోమీటర్లు. రబ్బరు ఎందుకు మిగులుతుంది?

ఇంకొకటి. 80 – 100 కి.మీ. వేగంలో స్టీరింగ్ వణుకుతోందంటే చాలాసార్లు అది వీల్ బ్యాలెన్సింగ్ సమస్య. దానికి ఈ పని చేసి లాభం లేదు.

దారం కట్టే ముందు కారును తడిమి చూడండి

దీన్ని దాటేయకండి. నా టైర్లు పోయింది ఇక్కడే.

నాలుగు టైర్లలో గాలి డ్రైవర్ డోర్ పక్కన స్టిక్కర్ మీద రాసినంత పట్టండి. బండి ఎండలో తిరిగి రాకముందు, చల్లగా ఉన్నప్పుడే చూడాలి. తర్వాత టైరు అరుగుదల. లోపలి అంచు ఒక్కటే అరిగితే టో అవుట్ గానీ క్యాంబర్ గానీ కారణం. బయటి అంచు ఒక్కటే అరిగితే చాలావరకు టో ఇన్ ఎక్కువైనట్టు. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే గాలి ఎక్కువ.

కంటికి కనిపించకముందే చేతికి తెలిసే గుర్తు ఒకటుంది. అరచేతిని టైరు మీద అడ్డంగా, బయటి నుంచి లోపలికి రాసి, మళ్లీ లోపలి నుంచి బయటికి రాయండి. లోపలికి వెళ్తున్నప్పుడు నున్నగా, బయటికి వస్తున్నప్పుడు రంపపు పళ్లలా గరుకుగా తగిలితే టో ఇన్ ఎక్కువగా ఉంది. తిరగబడి తగిలితే టో అవుట్. తీగలు బయటపడి ఉంటే చెయ్యి చీరుకుపోతుంది, ముందు కళ్లతో చూసుకోండి.

ఇప్పుడు లూజులు. వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, ముందు ఒక పక్క జాకీ ఎత్తి స్టాండ్ మీద నిలపండి. జాకీని మాత్రమే నమ్ముకుని కారు కిందికి తల గానీ చెయ్యి గానీ పెట్టకండి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు అసలే వద్దు, చెప్పకుండా పగిలిపోతాయి. చక్రాన్ని గడియారంలో 9, 3 అంకెల దగ్గర పట్టుకుని కుడి ఎడమలకు గట్టిగా ఊపండి. టక్ టక్‌మంటూ కదిలితే టై రాడ్ ఎండ్ గానీ లోపలి రాక్ ఎండ్ (టై రాడ్ లోపలి చివర, స్టీరింగ్ రాక్ దగ్గరి కీలు) గానీ పోయినట్టు. 12, 6 దగ్గర పట్టుకుని ఊపితే కదిలిందంటే వీల్ బేరింగో, చక్రాన్ని కింది వైపు పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ బాల్ జాయింటో అరిగి ఉంటుంది. మనం ఊపుతుంటే ఇంకొకరు టార్చి వేసి ఏ కీలు దగ్గర కదలిక ఉందో చూస్తే వెంటనే దొరికిపోతుంది. లోయర్ ఆర్మ్ బుష్ రబ్బరు చీలిందేమో కూడా చూడండి. వీటిలో ఏ ఒక్కటి దొరికినా ముందు ఆ పార్ట్ మార్పించి, ఆ తర్వాతే దారం తీయండి.

చక్రం గాల్లో ఉన్నప్పుడే ఇంకో పని. రిమ్ము అంచుకు దగ్గరగా ఒక పెన్ను కదలకుండా ఆనించి చక్రం తిప్పండి. మన గుంతల రోడ్ల మీద తిరిగిన రిమ్ము సొట్టలు లేకుండా ఉండడం అరుదు. పెన్నుకూ రిమ్ముకూ మధ్య సందు ఒకేలా ఉన్న రెండు ఎదురెదురు చోట్లు వెతికి సుద్దముక్కతో గుర్తు పెట్టండి. కొలిచేటప్పుడు ఆ రెండు గుర్తులూ ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి వచ్చేలా చక్రం నిలపాలి. అలా చేయకపోతే మీరు కొలిచేది టో కాదు, రిమ్ము సొట్ట.

సామాను

మేస్త్రీలు గోడ వరసకు కట్టే నైలాన్ దారం. 2 మీటర్ల అల్యూమినియం కర్టెన్ రాడ్లు రెండు, పీవీసీ పైపులైతే నడుమ వంగుతాయి. రాడ్లను నిలబెట్టడానికి ఒకే ఎత్తున్న పెయింట్ డబ్బాలు నాలుగు. మి.మీ. గీతలు స్పష్టంగా ఉన్న స్టీలు స్కేలు, మీటర్ టేపు. జాకీ, రెండు స్టాండ్లు. టై రాడ్ తిరగకుండా పట్టి ఉంచే లాక్ నట్‌కు సరిపోయే పానా, టై రాడ్ పట్టుకోవడానికి ఇంకో పానా. సైజు కారును బట్టి మారుతుంది కాబట్టి ముందే పెట్టి చూసుకోండి. డబ్ల్యూడీ 40 లాంటి తుప్పు వదిలించే స్ప్రే, వైట్‌నర్, గ్రీజు, ఇంట్లో ఫ్లోరింగ్‌కు మిగిలిన టైల్స్ ఆరు.

స్ప్రేను ముందు రోజు రాత్రే లాక్ నట్ల మీద కొట్టి వదిలేయండి. మన వానలకు ఆ నట్లు ఎలా పట్టేస్తాయో మెకానిక్‌ల దగ్గర నిలబడి చూసినవాళ్లకు తెలుసు.

నేల, టైల్స్

నేల చదునుగా ఉండాలి. నాలుగు చక్రాలు నిలిచే చోట్ల లెవెల్ చూడడానికి ఇల్లు కట్టే మేస్త్రీలు వాడే నీళ్ల పైపును మించింది లేదు. పారదర్శకంగా ఉండే సన్న పైపులో గాలి బుడగలు లేకుండా నీళ్లు నింపి రెండు చివరలూ రెండు చోట్ల పట్టుకుంటే, ఎక్కడ పల్లమో మి.మీ.తో సహా తెలుస్తుంది. టో కొలవడానికి కొద్దిపాటి తేడా ఉన్నా పరవాలేదు.

ముందు చక్రాల కింద ఒక్కోదానికి రెండు టైల్స్, నున్నటి ముఖాలు ఎదురెదురుగా, మధ్యలో గ్రీజు. టైరు నేలను గట్టిగా పట్టుకుని ఉంటే టై రాడ్ తిప్పినా చక్రం పూర్తిగా తిరగదు, కొలత అబద్ధం చెబుతుంది. గ్రీజు టైల్స్ మీద అది హాయిగా జారుతుంది. వెనక చక్రాల కింద ఒక్కో టైలు, గ్రీజు లేకుండా. టైరు ఎక్కించాక కారును ముందు బానెట్ మీద రెండు చేతులతో నాలుగైదు సార్లు అదిమి వదిలితే సస్పెన్షన్ తన చోటులో కూర్చుంటుంది. కారులో మనుషులు, డిక్కీలో సామాను ఉండకూడదు.

స్టీరింగ్‌ను సరిగ్గా నిటారుగా పెట్టి, అది కదలకుండా సీటును ముందుకు జరిపి మధ్యలో కర్ర పెట్టి తాడుతో కట్టండి. స్టీరింగ్ చక్రాన్ని ఊడదీసే ఆలోచన మాత్రం వద్దు, అందులో ఎయిర్ బ్యాగ్ ఉంటుంది.

దారాలు కట్టడం

రెండు రాడ్ల మీదా ఒకే దూరంలో రెండేసి గుర్తులు పెట్టండి. స్విఫ్ట్‌కు నేను 1,900 మి.మీ. పెట్టుకున్నాను. మీ కారు వెడల్పు కంటే 20 సెం.మీ. దాకా ఎక్కువ ఉండేలా చూసుకుంటే చాలు. రెండు రాడ్లలోనూ ఆ దూరం తేడా లేకుండా ఉండాలి. దారాలు ఒకదానికొకటి సమాంతరంగా ఉండేది దాని వల్లే. గుర్తుల దగ్గర రంపంతో చిన్న గాడి కోసి దారం అందులో కూర్చోబెట్టండి.

ఒక రాడ్‌ను ముందు బంపర్‌కు అవతల, ఇంకోదాన్ని వెనక బంపర్‌కు అవతల, డబ్బాల మీద అడ్డంగా నిలపండి. దారం చక్రాల నడుమ భాగం ఎత్తులో, కారుకు రెండు పక్కలా వెళ్లాలి. బిగుతుగా లాగి కట్టండి. ఏ టైరుకూ దారం తగలకూడదు.

ఇప్పుడు ఈ దీర్ఘచతురస్రాన్ని కారుతో సరితూగేలా జరపాలి. ముందు ఎడమ చక్రం మధ్యనున్న హబ్ నుంచి దారానికి ఎంత దూరమో, ముందు కుడి హబ్ నుంచి కూడా అంతే రావాలి. వెనక ఎడమా కుడీ అలాగే. ముందు దూరమూ వెనక దూరమూ ఒకటి కానవసరం లేదు. ముందు చక్రాల మధ్య వెడల్పు, వెనక చక్రాల మధ్య వెడల్పు చాలా కార్లలో వేరువేరుగా ఉంటాయి. చాలామంది ఇక్కడే పొరబడి నాలుగూ ఒకటి చేయాలని చూస్తారు. ముందు రాడ్‌ను కాస్త జరిపితే వెనక కొలత మారుతుంది, వెనక జరిపితే ముందుది మారుతుంది. ముందూ వెనకా మార్చి మార్చి జరుపుతూ, నాలుగైదు సార్లకు అర మి.మీ. లోపలికి తీసుకురండి. విసుగొస్తే ఆగి టీ తాగి రండి. ఇక్కడ తొందరపడితే ఇక పైన కొలిచేదంతా దండగే.

కొలవడం

ఒక్కో చక్రానికి రెండు కొలతలు: రిమ్ము ముందు అంచు నుంచి దారానికి, వెనక అంచు నుంచి దారానికి. మధ్య ఎత్తులో, సుద్ద గుర్తుల దగ్గర. స్కేలు చివరను రిమ్ముకు ఆనించి, దారాన్ని కదపకుండా, కన్ను దారానికి నేరుగా పెట్టి చదవండి. ముందు కొలత ఎక్కువుంటే ఆ చక్రం టో ఇన్, వెనక కొలత ఎక్కువుంటే టో అవుట్. ముందు 82, వెనక 81 వస్తే ఆ చక్రం 1 మి.మీ. టో ఇన్‌లో ఉన్నట్టు. ఎడమ, కుడి రెండూ కలిపితే మొత్తం టో.

మూడుసార్లు కొలవండి. నేను చదివితే మా అబ్బాయి రాస్తాడు, తర్వాత వాడు చదివితే నేను రాస్తాను. నా అంకెలు చెప్పకుండా వాడి చేత చదివిస్తాను. మూడింటి మధ్య అర మి.మీ. కంటే ఎక్కువ తేడా ఉంటే దారమో, స్కేలో, కన్నో కుదురుగా లేదన్న మాట. అంకెలు నిలకడగా వచ్చేదాకా పానా ముట్టుకోకండి.

వెనక చక్రాలనూ కొలవండి. టోర్షన్ బీమ్‌కు మార్చుకునే వీలుండదు గానీ సంగతి తెలియాలి. రెండు పక్కలా దాదాపు ఒకేలా ఉంటే సరే. ఒకటి బాగా లోపలికి, ఇంకోటి బాగా బయటికి చూస్తుంటే కారు వెనక భాగం పక్కకు నడుస్తోంది. అలాంటి కారును యంత్రం ఉన్న షాపులోనే చూపించాలి.

ఎంత ఉండాలి? మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నదే సరైన అంకె. ఎప్పుడైనా షాపులో అలైన్‌మెంట్ చేయించి ప్రింటౌట్ తీసుకుని ఉంటే అందులో మీ కారుకు ఉండాల్సిన హద్దులు ఉంటాయి, దాన్ని పారేయకండి. అందులో అంకెలు డిగ్రీలు, నిమిషాల్లో (నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు) ఉంటాయి. రిమ్ము మీద 1 మి.మీ. అంటే 12 అంగుళాల చక్రానికి సుమారు 10 నిమిషాలు, 14 అంగుళాలకు 9, 15 అంగుళాలకు 8. నేను మా కారుకు మొత్తం 0 నుంచి 1 మి.మీ. టో ఇన్ మధ్య ఉంచుతున్నాను. ఈకో, బొలెరో లాంటి వెనక చక్రాలతో నడిచే బండ్లకు అంకె వేరుగా ఉండొచ్చు, వాటికి ఇది పట్టుకోకండి.

తిప్పడం

స్టీరింగ్ కట్లు విప్పి, ఇంజిన్ స్టార్ట్ చేసి, స్టీరింగ్‌ను ఒక వైపు పూర్తిగా తిప్పి ఇంజిన్ ఆపితే చక్రం వెనక టై రాడ్ చేతికి అందుతుంది. కారు కిందికి దూరాల్సిన పని ఉండదు. ముందు ఒక విషయం చూడండి: టై రాడ్ చక్రం ఇరుసుకు వెనక కలుస్తోందా, ముందు కలుస్తోందా. ఇంజిన్ అడ్డంగా ఉండే చిన్న కార్లలో ఎక్కువగా వెనకే ఉంటుంది. వెనక ఉంటే రాడ్ పొడవు పెంచినప్పుడు చక్రం టో ఇన్‌కు, తగ్గించినప్పుడు టో అవుట్‌కు వెళ్తుంది. ముందు ఉంటే ఇది తలకిందులవుతుంది.

బయటికి కనిపిస్తున్న మరల పొడవును రెండు పక్కలా కొలిచి రాసుకోండి. రాడ్ మీద, టై రాడ్ ఎండ్ మీద కలిసేలా వైట్‌నర్‌తో ఒక గీత గీయండి. ఏం తేడా జరిగినా మళ్లీ మొదటికి రావడానికి ఆ గీతే దారి. టై రాడ్ ఎండ్‌ను ఒక పానాతో కదలకుండా పట్టుకుని ఇంకో పానాతో లాక్ నట్ వదులు చేయండి. లోపల రాక్ దగ్గర రబ్బరు బూటుకున్న చిన్న క్లిప్పు కూడా వదులు చేయాలి. చేయకపోతే రాడ్‌తో పాటు బూటు మెలి తిరిగి చిరుగుతుంది, అందులోకి నీళ్లూ మట్టీ వెళ్తే స్టీరింగ్ రాక్‌కే ఎసరు.

ఇప్పుడు టై రాడ్ పావు చుట్టు మాత్రమే తిప్పండి. సైకిల్ షాపులో రిమ్ము వంకర తీసే పెద్దాయన స్పోక్ కీని ఎలా తిప్పుతాడో చూసే ఉంటారు: కొద్దిగా తిప్పడం, చక్రం తిప్పి చూడడం, మళ్లీ కొద్దిగా. ఇక్కడా అంతే. మామూలు చిన్న కారులో పావు చుట్టుకు రిమ్ము అంచు దగ్గర సుమారు 1 మి.మీ. మారుతుంది. సరిచేయాల్సింది రెండు పక్కలా సగం సగం పంచండి. మొత్తం 2 మి.మీ. తగ్గాలంటే ఒక్కో పక్క 1 మి.మీ. అన్న మాట.

తిప్పాక స్టీరింగ్‌ను మధ్యకు తెచ్చి మళ్లీ కట్టండి. బానెట్ అదిమి వదలండి. హబ్ దూరాలు కదిలాయేమో చూసి, టో మళ్లీ కొలవండి. కావలసిన అంకె వచ్చేదాకా ఇదే. రెండు మూడు పూర్తి చుట్లు తిప్పినా అంకె రావడం లేదంటే, లేదా రెండు పక్కల మరల పొడవులో తేడా బాగా పెరిగిపోతుంటే ఆపేయండి. ఎక్కడో ఆర్మో రాడ్డో వంగి ఉంది. మరలు మరీ బయటికి వచ్చేస్తే లోపల పట్టు సరిపోక రాడ్ ఊడిపోయే ప్రమాదం కూడా ఉంది.

అంకె కుదిరాక లాక్ నట్ బిగించండి. మాన్యువల్‌లో ఉన్నంత టార్క్‌కు టార్క్ రెంచ్‌తో బిగించాలి. అది మీ దగ్గర లేకపోతే నట్ గట్టిగా బిగించి, నెమ్మదిగా దగ్గర్లోని మెకానిక్ దగ్గరికి వెళ్లి మీ కళ్ల ముందే దానితో బిగించమనండి. ఇది స్టీరింగ్‌కు సంబంధించిన నట్, చూద్దాంలే అనుకోవడానికి లేదు. బిగించేటప్పుడు రాడ్ కాస్త తిరుగుతుంది కాబట్టి బిగించాక ఇంకోసారి కొలవండి. బూటు క్లిప్పు పెట్టడం మర్చిపోకండి.

స్టీరింగ్ వంకరగా ఉంటే

తిన్నని ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా మొదలుపెట్టి, పట్టు వదులుగా ఉంచి చూడండి. మన రోడ్లు వాన నీరు పోవడానికి అంచులకు వాలుగా ఉంటాయి. మనం ఎడమ పక్క నడుస్తాం కాబట్టి కారు కొద్దిగా ఎడమకు జారితే తప్పు కాదు. గట్టిగా లాగుతుంటే ముందు టైర్లు రెండూ అటూ ఇటూ మార్చి మళ్లీ నడపండి. ఇప్పుడు కుడికి లాగితే దోషం టైరుదే. మారకుండా అదే పక్కకు లాగితే బ్రేకు పట్టేసిందేమో, క్యాంబర్, క్యాస్టర్ ఎలా ఉన్నాయో చూపించుకోవాలి.

కారు తిన్నగా పోతూ స్టీరింగ్ మాత్రం వంకరగా నిలబడితే టెన్షన్ పడకండి. మొత్తం టో సరిగ్గానే ఉంది, పంపకమే తేడా. ముందు చక్రాలు నడకలో వాటంతట అవే తేడాను సగం సగం పంచుకుంటాయి, అందుకు స్టీరింగ్ పక్కకు తిరుగుతుంది. స్టీరింగ్ ఎడమకు వంగి ఉందనుకుందాం. టై రాడ్ ఇరుసుకు వెనక ఉన్న కారులో ఎడమ రాడ్‌ను తగ్గించి, కుడి రాడ్‌ను సరిగ్గా అంతే పెంచండి. కుడికి వంగి ఉంటే దీనికి తిరగేసి చేయండి. రెండు పక్కలా సమానంగా తిప్పితే మొత్తం టో మారదు, స్టీరింగ్ మాత్రం మధ్యకు వస్తుంది.

నూట యాభై, రెండు వందల కిలోమీటర్లు తిరిగాక లాక్ నట్లు రెండూ, వైట్‌నర్ గీతలూ మరోసారి చూడండి. చివరి అంకెలు, తేదీ, కిలోమీటర్ల రీడింగ్ ఒక కాగితం మీద రాసి బండి కాగితాలతో పాటు పెట్టుకోండి. వెయ్యి కిలోమీటర్ల తర్వాత మళ్లీ టైరు మీద అరచెయ్యి రాసి చూడండి, రెండు వైపులా ఒకేలా నున్నగా తగలాలి. అలాగే స్టీరింగ్‌ను ఒక వైపు పూర్తిగా తిప్పి, టార్చి వేసి, ముందు టైర్ల లోపలి అంచులు కూడా చూడండి. నేను ప్రతి నెలా మొదటి ఆదివారం గాలి పట్టేటప్పుడు చూస్తున్నాను.